భార్య సమ్మతి

అయ్యగారికి వందనాలు. అంతకుమించి మర్యాద ఈ ఉత్తరంలో వెతక్కండి.

మా ఆయన గుడిలో ప్రసంగాలు చెప్పడానికి బిషప్పుగారు అధికారమివ్వాలంటే భార్య సమ్మతి ఉండాలట. సంతకం పెట్టమని నిన్న మీరొచ్చి అడిగారు. పెట్టను.

పోయిన నెల ఆయన బీరువా అద్దం ముందు నిలబడి, నాలుకను అదుపులో పెట్టుకోవాలంటూ నాకో ప్రసంగం వినిపించాడు. "బాగుంది గానీ మరీ సాగదీశారండీ, జనం కునుకు తీస్తారు" అన్నాను. అంతే, ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. చెప్పింది చేసి చూపిస్తున్నాడు కాబోలు, నా ఒక్కదాని మీదే! నేను గిన్నె పట్టుకుని పక్కనే నిలబడినా, "అమ్మా, నీ కోడల్ని అన్నం పెట్టమను" అంటాడు.

చివరికి ఈ సంతకానికీ మిమ్మల్ని పంపాడు. మీరూ తగుదునమ్మా అని బయల్దేరారు. ఇంట్లో ఒక్క మనిషితో మాట్లాడలేనివాడు గుడినిండా జనంతో ఏం మాట్లాడతాడండీ? కావాలంటే నా ఎదుటికొచ్చి తన నోటితో అడగమనండి.

ఈ ఉత్తరం మా అత్తగారే తెచ్చిస్తారు. కాస్త కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మా మాటలు మోసి మోసి అలసిపోయారావిడ.

ఇట్లు,
ఆవిడ కోడలు