బండితో పుట్టిన కడ్డీ

ప్రియమైన అక్కకి,

బావని చంపింది మా యజమాని. ఈ మాట ముందే రాసేస్తున్నాను. "ఎలా ఉన్నావు, తిన్నావా" అని మొదలుపెడితే నువ్వు సగంలోనే ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తావని నాకు తెలుసు.

ప్రమాదం మీద విచారణలో "డ్రైవరు దూకుడు" అని తేల్చారు. పచ్చి అబద్ధం. మా యజమాని అమ్మకానికి పెట్టిన ఆ పాత ఒంటి సీటు రేసు కారుని ట్రాక్ మీద నుంచి లారీలో తెచ్చినప్పుడు దించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప కడ్డీ విరిగిపోయింది. విరిగిన చోటుని కళ్ళారా చూశాను. సగం తెల్లగా మెరుస్తోంది, సగం నల్లగా తుప్పు పట్టి ఉంది. మెరిసే సగం ఆ రోజు విరిగింది. నల్లటి సగం ఎప్పటినుంచో విరిగే ఉంది. చీలిపోయిన కడ్డీ మీద బావని కూర్చోబెట్టి తోలారు అక్కా!

సాయంత్రానికి ఆ కడ్డీ మాయం. "తుక్కులో వేశాం" అన్నారు. విచారణాధికారి వచ్చి అడిగితే మా యజమాని కళ్ళు కూడా ఆర్పకుండా, "పాత కడ్డీలు ఎప్పుడో తీసేసి కొత్తవి వేయించామండీ, బండిలో ఏ లోపమూ లేదు" అన్నాడు. పెద్దమేస్త్రీ పక్కనే నిలబడి తలూపాడు. నేను నోరు తెరవబోతే "రేకులు కొట్టేవాడివి, నీకెందుకురా కడ్డీల గొడవ" అని బయటికి నెట్టారు.

కొత్తవి ఎందుకు వేయలేదో నీకు నేను చెప్పాలా? అయినా లోకానికి చెప్పాలి కాబట్టి కరపత్రం రాస్తున్నాను. మొదటి పేరా విను:

"పాత రేసు కార్లు కొనే పెద్దమనుషులారా! మీరు కొనేది బండిని కాదు, దాని వయసుని. బండితో పుట్టిన భాగం ఒక్కటి మారినా మీ మొహాలు మాడిపోతాయి. అందుకే అమ్మేవాడు మార్చడు. భాగాలు మార్చని బండి మీద కూలికి వచ్చిన మనిషిని ఎక్కించి మీ ముందు పరుగెత్తించి చూపిస్తాడు. మీరు గట్టు మీద నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో ఒక మనిషి ప్రాణం పోయింది!"

ఎలా ఉంది? ఈ బండి చరిత్ర తెలిస్తే ఒక్కడు కూడా దాన్ని ముట్టుకోడు. అమ్మకం ఆగిపోతుంది. అప్పుడు నిజం చెప్పక చస్తాడా?

పిడికిలి బిగించి,
నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మడిచి పెట్టలేదురా. రెండుసార్లు చదివాను. రెండోసారి ఆసుపత్రి చాకిరేవు గదిలో, దుప్పట్లు ఉడుకుతుంటే ఆ ఆవిరిలో నిలబడి చదివాను. అక్కడైతే కళ్ళు తడిసినా ఎవరూ అడగరు.

కరపత్రం బాగుంది. షెడ్డులో నిన్ను "కరపత్రం" అని పిలుస్తారని మీ బావ చెప్పి నవ్వుతుండేవారు. "మీ తమ్ముడు ఆకలేస్తే కూడా ముందు ఖండించి తర్వాత తింటాడు" అనేవారు. కానీ ఒరేయ్, నీ ఉద్యోగం పోతే ఇక్కడ ముగ్గురం నా ఒక్క జీతం మీద పడతాం. అది కూడా ఆలోచించు.

నా సంగతి వదిలెయ్. అత్తయ్య సంగతి చెప్తాను. ఆవిడ ఇంతవరకూ ఏడవలేదు. తిడుతోంది. పొద్దున లేస్తే కొడుకుని తిట్టడమే. "చిన్నప్పుడు సైకిల్ మీద కూడా అంతే వాడు. బ్రేకు ఒకటి ఉంటుందని తెలిస్తే కదా! ఎవడో నలుగురు చూస్తున్నారని ఎగిరాడు, పోయాడు. కట్టుకున్నదాన్ని గాలికి వదిలేశాడు" అంటుంది. విచారణ అలా తేల్చిందిగా, ఆవిడ నమ్మింది. ఫొటో పెట్టనివ్వలేదు. పక్కింటావిడ ఓదార్చడానికి వస్తే "మా వాడి తప్పే" అని ఆవిడే చెప్పి పంపించింది.

మీ బావ ఆ బండి ఎక్కేముందు కడ్డీలు మార్చమని అడిగారని నాకు తెలుసు. "కొనేవాళ్ళు వచ్చి చూసి వెళ్ళాక మారుద్దాంలే" అన్నాడట మీ యజమాని. ఆ మాట నేను చెబితే అత్తయ్య నమ్మదు. మొగుణ్ణి వెనకేసుకొస్తున్నానంటుంది. ఆవిడ ఆరోగ్యం బాగాలేదు తమ్ముడూ. కొడుకు మీద కోపంతోనే పోతుందేమోనని నాకు భయంగా ఉంది. ఆ కోపం పోతే చాలు, నాకు వేరే ఏమీ అక్కర్లేదు.

జాగ్రత్త. తొందరపడకు.

నీ అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావట్లేదు. నీ మీద కోపంతో కాదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

పంచాను. బండిని చూడ్డానికి కొనేవాళ్ళు వచ్చిన రోజున షెడ్డు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, కనీసం ఒక్కడైనా ఉమ్మేస్తాడు అనుకున్నాను.

వాళ్ళు చదివారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత అందరూ గబగబా బండి దగ్గరికి వెళ్ళారు. వెనక్కి కాదక్కా, బండి దగ్గరికి! చుట్టూ మూగారు. "ఇదేనా? ఇందులోనేనా?" అని ఒకడు. "అయితే ఆ రోజుకి ఏదీ మార్చలేదన్నమాట!" అని ఇంకొకడు, పండగ చేసుకుంటున్నట్టు. ఒకావిడ సీట్లోకి వంగి చూసి "పాపం" అంది. పాపం అంటూనే ధర అడిగింది.

సాయంత్రం యజమాని పిలిచాడు. ఉద్యోగం ఊడిందనుకుని వెళ్ళాను. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు.

"ఏరా కరపత్రం, బాగా రాశావే! నీలో ఇంత ఉందనుకోలేదు. ఇంకొన్ని అచ్చు వేయించు, ఖర్చు నాది" అన్నాడు.

"మీరు హంతకుడని రాశానండీ" అన్నాను.

"రాశావు. రాస్తే ఏం? ఇన్నాళ్ళూ ఆ బండి పది పాత బండ్లలో ఒకటి. ఇవాళ దానికో కథ వచ్చింది. కథ లేని బండిని ఎవడు కొంటాడ్రా?"

టీ అక్కడే వదిలేసి వచ్చాను. అదొక్కటే నేను చేయగలిగింది.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పాడైన పై రేకులన్నీ నాకే ఇచ్చారు సరిచేయమని. సీటు పక్క రేకుకి లోపలి నుంచి ఒక సొట్ట ఉంది. బావ మోకాలు తగిలిన చోటు. అది నేను సుత్తితో లేపుతుంటే పెద్దమేస్త్రీ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఆ సొట్ట తీయొద్దన్నారు. కొనేవాళ్ళు అడిగారట" అన్నాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

చెయ్యి పెట్టే రోజు వచ్చే నెల మొదటి శనివారం అని ఖాయం చేశారు. ఆ రోజు ఏం జరుగుతుందో నీకు తెలుసుగా. అమ్మేవాడు బండి ముక్కు మీద చెయ్యి పెట్టి అందరి ముందూ నిలబడతాడు. ఎవరు ఏమడిగినా చెయ్యి తీయకుండా జవాబు చెప్పాలి, లేకపోతే బేరం చెల్లదు. ఆ రోజు ఆ చెయ్యి నరికేయాలని ఉంది.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మీ యజమాని మొన్న మా ఇంటికి వచ్చాడు. చెయ్యి పెట్టే రోజున నన్ను రమ్మన్నాడు. బండి పక్కన నిలబడి మీ బావ గురించి రెండు మాటలు చెప్పాలట. రానూపోనూ కారు పంపిస్తానన్నాడు. వస్తానని చెప్పాను.

ఎందుకని అడగకు. ఇంకేమీ అచ్చు వేయించకు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. అత్తయ్య కూడా నాతో వస్తోంది.

నీ అక్క

*

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. ఆనందించాను. కారులో రండి. మంచి చీర కట్టుకోండి. సొట్ట కనపడేలా కాస్త పక్కకి జరిగి నిలబడండి, ఫొటో బాగా వస్తుంది.

ఎంతకి ఒప్పుకున్నావు? అడగొద్దన్నావుగా, అయినా అడుగుతున్నాను. బావ రక్తాన్ని వాడు పాలిష్ పెట్టి అమ్ముతుంటే పక్కన నిలబడి గుడ్డ అందిస్తావా? చదివిన పుస్తకాలన్నీ ఒకటే చెప్పాయి: పై వాడు కొట్టిన దెబ్బ కన్నా మన వాళ్ళే అమ్ముడుపోయిన దెబ్బ గట్టిదని. నమ్మలేదు. ఇవాళ తెలిసింది.

అత్తయ్యని కూడా తెస్తావా? కన్నకొడుకు చచ్చిన బండి చూపించడానికి? నీకు మనసెలా ఒప్పింది?

నేను శనివారం షెడ్డుకి రాను. ఇక నాకు అక్క లేదు.

ఇట్లు,
రేకులు కొట్టేవాడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. దాని తర్వాత ఇంకొకటి కూడా అందింది. రెండోది సగం చదివి పొయ్యిలో పెట్టేశాను. అందులో నువ్వు రాసినవి నువ్వు మరిచిపో, నేనూ మరిచిపోతాను.

నీకు ముందే చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. నీ మొహం మీద అన్నీ అచ్చయి ఉంటాయిరా. నీకు చెబితే మీ యజమాని నిన్ను చూసి చదివేసేవాడు. నీకు నిజంగా నా మీద కోపం ఉన్నన్నాళ్ళూ ఆయనకి అనుమానం రాదు. నిన్ను ఏడిపించి నేను సుఖంగా లేను. ఇప్పుడు టైమ్ వచ్చింది, విను.

ఆయన వచ్చి మా ముందు గదిలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఎంతో దయగా మాట్లాడాడు.

"అమ్మా, మీ ఆయన ఆఖరిసారి ఎక్కింది మామూలు బండి కాదు. ఆ రోజుకి దాంట్లో ఒక్క భాగం కూడా మారలేదు. ముందు కడ్డీలు సైతం బండితో పుట్టినవే. అలాంటి బండి నడిపే అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి? మీరు వచ్చి ఆ ఒక్క మాట అంటే చాలు" అన్నాడు.

విచారణలో ఏం చెప్పాడో ఆయనకి గుర్తు లేదు! నీ కరపత్రం చదివినప్పటినుంచీ కొనేవాళ్ళందరికీ ఇదే చెప్పి చెప్పి ఆయన నాలుక అలవాటు పడిపోయింది. నేను కూడా కొనేదాన్నే అనుకున్నాడు.

అత్తయ్య లోపల దుప్పటి మడుస్తోంది. దుప్పటి చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. ఎక్కడ అరుస్తుందోనని ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ అరవలేదు. "ఏమన్నావు బాబూ? నాకు చెవులు సరిగ్గా వినపడవు" అంది. ఆవిడకి పక్కింట్లో గిన్నె పడితే వినిపిస్తుంది తమ్ముడూ. ఆయన పాపం గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, మళ్ళీ మొత్తం చెప్పాడు. ముందు కడ్డీలు, బండితో పుట్టినవే, ఏదీ మారలేదు.

"మంచిది బాబూ" అంది ఆవిడ.

ఆయన కారు సందు మలుపు తిరిగాక గోడకి జారి కింద కూర్చుండిపోయింది. ఏడ్చింది. ఇన్నాళ్ళకి ఏడ్చింది. "బ్రేకు వేసే ఉంటాడే నా తండ్రి. వేసే ఉంటాడు" అని ఆ ఒక్క మాటే అంటూ ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు సెలవు పెట్టి విచారణాధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విన్నాడు. "మీ ఇంట్లో అన్న మాటకి మీరిద్దరే సాక్షులు. ఒకరు పెళ్ళాం, ఒకరు తల్లి. నిలవదమ్మా. బయటి మనుషుల ముందు అనమనండి. విన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చి సంతకాలు పెడితే మళ్ళీ తెరుస్తాను" అన్నాడు. మంచివాడో కాదో తెలియదు. అన్న మాట మాత్రం ఇది.

అందుకే వస్తానని ఒప్పుకున్నాను. శనివారం ఆయన బండి ముక్కు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాక నేను ఒక్కటే అడుగుతాను: "మా ఆయన చచ్చిపోయిన రోజు విరిగిన కడ్డీ కొత్తదా, బండితో పుట్టినదా?" కొత్తదంటే కొనేవాడు లేచి వెళ్ళిపోతాడు. పుట్టినదంటే విచారణలో చెప్పింది అబద్ధమని ఆయన నోటితోనే ఒప్పుకున్నట్టు. కొనేవాడు ఎదురుగా ఉన్నప్పుడు ఆయన నోటికి ఏ జవాబు వస్తుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ జవాబుతో ఆ బండి ధర ఇంకా పెరుగుతుందిరా. అదీ నాకు తెలుసు. నా ప్రశ్నని కూడా కథలో కలిపేసి అమ్ముకుంటారు. అమ్ముకోనీ. సొట్ట తీయకుండా తీసుకెళ్ళి ఏ అద్దాల గదిలో పెట్టుకుంటారో పెట్టుకోనీ. మీ బావ ఎలాగూ తిరిగి రారు. మీ బావ పేరు మాత్రం వాళ్ళ దగ్గర వదిలేసి రాను.

కానీ వినేవాళ్ళు కావాలి. కొనేవాళ్ళు సంతకం పెట్టరు. పెట్టాల్సింది షెడ్డులో పనిచేసే మీరే. పెట్టినవాళ్ళకి మీ యజమాని సోమవారం గేటు మూసేస్తాడు, కాబట్టి అబద్ధం చెప్పి పిలవకు. ఉన్నదున్నట్టు చెప్పు. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు రాలేకపోతే తిట్టకు, తలదించుకునేలా మాట్లాడకు. పెద్దమేస్త్రీ దగ్గరికి నువ్వే వెళ్ళు. ఖండించడానికి కాదు, పిలవడానికి. నీ చెయ్యి పట్టుకుని ఆపినప్పుడు ఆయన నీ మొహంలోకి చూడలేదన్నావే, అలాంటి మనిషి వస్తాడని నా నమ్మకం.

కరపత్రం వద్దు. నోటితో చెప్పు, ఒక్కొక్కరికీ విడిగా. రేకులు కొట్టేవాళ్ళకి, వెల్డింగు వాళ్ళకి, రంగులు వేసేవాళ్ళకి, లారీ తోలేవాళ్ళకి, షెడ్డు ఊడ్చే ఆవిడకి కూడా. నినాదాలొద్దు. ఎవరూ ఆయన మీద చెయ్యి వేయొద్దు, ముఖ్యంగా నువ్వు. చేతులు కట్టుకుని నిలబడి వినండి చాలు. వినడం అయ్యాక అక్కడినుంచి అందరం కలిసి నడుచుకుంటూ విచారణాధికారి ఆఫీసుకి వెళ్దాం. అత్తయ్య కూడా నడుస్తానంటోంది.

శనివారం. పొద్దున పది గంటలకి. రంగుల షెడ్డు ముందు, బండి నిలబెట్టిన చోట. ఒక్క నిమిషం ముందే రండి, అందరూ రండి.

నీ అక్క