కత్తెరకు పోయిన మూడు పంక్తులు

ఒహైయో రాష్ట్రం, మారియెట్టా ఊళ్ళో కాపురముంటున్న విన్నిఫ్రెడ్ థోర్న్‌బరో అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నాకు మతి పోయిందని మా అన్న లెలాండ్ కోర్టుకెక్కవచ్చు. మతి బాగానే ఉంది, కోపమూ బాగానే ఉంది. మొదటిదానికి డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. రెండోదానికి ఈ వీలునామాయే సాక్ష్యం.

1. నా పాత వీలునామాలన్నీ రద్దు. దీన్ని అమలు జరపవలసింది నా లాయరు మార్గో పెండిల్టన్. లెలాండ్ ఫోన్ చేస్తే ఆమె ఎత్తనవసరం లేదు.

2. ముప్ఫై ఒక్కేళ్ళు ఈ ఊరి ఇళ్ళకు ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తూ నేను కొని సేకరించినవి, అమెరికా అధ్యక్షులు సంతకం చేసినవి, ఇరవై ఆరు ఉత్తరాలు. అవన్నీ ఊరి గ్రంథాలయానికి చెందాలి. ఒక్కటి కూడా గోడకు తగిలించకూడదు. ఎండకు సిరా వెలిసిపోతుంది.

3. లెలాండ్ కూతురు రోవెనాకు, 1962లో నాకే వచ్చిన అధ్యక్షుడి జవాబు. దాన్ని పంతొమ్మిదేళ్ళు నెత్తిన పెట్టుకున్నాను. ఒకరోజు అలాంటిదే ఇంకో ఉత్తరం దొరికితే, రెంటినీ కిటికీ అద్దానికి ఆనించి ఒకదానిపై ఒకటి పెట్టి చూశాను. సంతకాలు గీతకు గీత కలిశాయి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం పెట్టడు. అది యంత్రం పని. కానీ టైపు చేసినామె నా పేరులో తప్పును తన చేత్తో సిరాతో దిద్దింది. ఆ దిద్దుబాటు అసలైనది. రోవెనా చిన్నప్పటినుంచీ చెప్పకుండానే చేతులు కడుక్కుని ఉత్తరాలు ముట్టుకునేది, అందుకే ఇది ఆమెకు.

4. 1989 ప్రదర్శనలో లెలాండ్‌కు మొదటి బహుమతి ఇచ్చిన మా సంతకాల సేకరణ సంఘానికి, మా అమ్మ కుట్టుపని కత్తెర. అద్దాల పెట్టెలో పెట్టుకోండి. మీరు చప్పట్లు కొట్టింది దాని పనికే.

5. ఇక అసలు సంగతి. అమెరికా అంతర్యుద్ధంలో మా తాతగారి అన్న ఏసా చనిపోతే, అతని తల్లి ఫీబీకి అప్పటి అధ్యక్షుడు స్వయంగా ఉత్తరం రాశాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. లెలాండ్ ఆ పేరు చెప్పుకుని కొట్టిన గొప్పలు చాలు. 1967లో నాన్న పోయాక, ఆయన పెట్టెలో, నేనింకా చదవని ఆ ఉత్తరం లెలాండ్ కంటబడింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి సంతకం కోసి అట్టకు అతికించేశాడు. పక్కన అధ్యక్షుడి బొమ్మ కూడా పెట్టాడు. ఇదేం పనని అడిగితే, "సంతకానిదే విలువ విన్నీ, మిగతాదంతా ఉత్త కాగితమేగా" అన్నాడు.

ఆ కాగితానికి రెండువైపులా రాత ఉంది. సంతకం వెనకవైపు అడుగున ఉండేది. దాన్ని కోస్తే ముందువైపు అడుగున మూడు పంక్తులు పోయాయి. ఇప్పుడు ముందువైపు ఇలా ఆగిపోతుంది: "మీ అబ్బాయి చివరగా అన్న మాట ఇదని అతని కెప్టెన్ నాకు తెలియజేశాడు." ఆపైన కత్తెర అంచు. ఆ మాటేమిటో లెలాండ్ కూడా చదవలేదు. అతను చూసింది సంతకమొక్కటే.

ఆ అట్టకే బహుమతి వచ్చిన 1989 ప్రదర్శనలో లెలాండ్ నా దగ్గరికొచ్చి, "ఆ ముక్క వెనకేముందో చూడాలనుంటే చెప్పు, అట్ట నుంచి ఊడదీయిస్తా. ఒక్కసారి అడుగు చాలు" అన్నాడు. కోసినవాణ్ణి బతిమాలడమా అని ముఖం తిప్పుకున్నాను. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఈ వీలునామాలో అందరిమీదా కోపం వెళ్ళగక్కాను. నా మీద నాకున్న కోపం ఇంతకంటే ఎక్కువ.

కాబట్టి ఆ తెగిన ఉత్తరం లెలాండ్‌కే ఇస్తున్నాను. షరతు ఒక్కటే. సంతకాన్ని అట్ట నుంచి జాగ్రత్తగా ఊడదీయించి, ఆ మూడు పంక్తులు ముందు ఫీబీ సమాధి దగ్గర, తర్వాత నా దగ్గర చదవాలి. నా దగ్గర కాస్త గట్టిగా చదవాలి. కుడి చెవి పనిచేయదని అతనికి తెలుసు. కాదంటే ఉత్తరం గ్రంథాలయానికి పోతుంది, పక్కన కోసినవాడి పేరుతో చీటీ ఉంటుంది.

పైన రాసినదంతా చదువుకుని నా చేత్తో సంతకం చేస్తున్నాను. దీన్ని ఎవరూ కోయవద్దు. సరిగ్గా దీని వెనకవైపే మా అన్నకు రెండు మాటలు రాశాను.

2008 అక్టోబరు 14, మారియెట్టా.

(సంతకం) విన్నిఫ్రెడ్ థోర్న్‌బరో

సాక్షులు: క్లైడ్ ఆమ్‌స్టట్జ్, పొరుగింటాయన
జెనీవా రస్క్, పోస్టాఫీసు