చిమ్నీ ఎండ్

1981 జనవరి 4, ఆదివారం

షుగర్ ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ. మూడు పేజీలు ఖాళీగానే పోయాయి. ఈరోజు రాస్తున్నానంటే కారణం నా కుడి భుజం. మ్యాచ్‌లో నా పన్నెండో ఓవర్‌లో లోపల ఎవరో మెలిపెట్టినట్టు పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. అయిదు వికెట్లు తీసినవాడు నొప్పి అంటే ఎవరు నమ్ముతారు?

చిన్నబ్బ మాత్రం కనిపెట్టాడు. నా రూమ్మేట్, మా టీమ్ ఓపెనర్. ఏమి మునిరత్నమా, చొక్కా ఎడం చేత్తో ఇప్పుతా ఉండావు, కొత్త స్టైలా అన్నాడు. అవునన్నాను.

జనవరి 7

ఏర్పేడు దగ్గర మా చేలో పక్షుల్ని తోలడానికి రాళ్ళు విసిరిన చెయ్యి ఇది. హైస్కూల్ మ్యాచ్‌లో నా బౌలింగ్ చూసి ఫ్యాక్టరీ స్పోర్ట్స్ సెక్రటరీ రంగరాజు గారు నన్ను జీపులో ఎక్కించుకుని వచ్చారు. మూడేళ్ళయింది. ఇంకా టెంపరరీనే. పగలు గోడౌన్‌లో చక్కెర బస్తాల మూతులు కుడతాను, సాయంత్రం బౌలింగ్ చేస్తాను.

ఈ ఏడు లీగ్ షీల్డ్ గెలిస్తే పర్మనెంట్ ఆర్డర్ నీ చేతిలో పెడతాను అన్నారు ఈరోజు. అనంతపురంలో జోన్ సెలక్షన్‌కి కూడా పేరు పంపిస్తారట. నాయనకు ఉత్తరం రాశాను. రాయకుండా ఉండాల్సింది. ఆయన ఈపాటికి ఊరంతా చదివి వినిపించి ఉంటాడు.

జనవరి 13

సెలవు పెట్టి తిరుపతి వెళ్ళాను. డాక్టర్ నా చెయ్యి పైకెత్తి చూసి, పక్కకు తిప్పి చూసి, ఆరు నెలలు బంతి ముట్టుకోవద్దన్నాడు. ఇట్లనే ఏసినావంటే రేపు తల దువ్వుకునేదానికి గూడా ఈ చెయ్యి లేయదప్పా అన్నాడు.

బస్టాండులో నా చుట్టూ అన్నీ చందనం పూసుకున్న గుండ్లే. వీళ్ళకు దువ్వుకునే బాధే లేదు గదా అని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. డాక్టర్ చీటీ చించి పారేశాను.

జనవరి 18, ఆదివారం

స్పీడు పోయింది. సత్యవేడు టీమ్‌లో ఒక బక్కపలచని మాస్టారు నా బౌలింగ్‌లో వరసగా మూడు ఫోర్లు కొట్టాడు. ఎలాగో గెలిచాం, అది నా గొప్ప కాదు.

రంగరాజు గారు నా ముందునుంచే జీపెక్కి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. పుత్తూరులో ఎవడో కుర్రాడు బాగా ఫాస్ట్‌గా వేస్తున్నాడట గదా అని చిన్నబ్బను అడిగారట.

జనవరి 22

మా గ్రౌండ్‌లో పిచ్ అంటే గట్టి నేల మీద పరిచిన కొబ్బరిపీచు మ్యాట్. చుట్టూ ఇనుప మేకులు కొట్టి బిగిస్తారు. అది శాంతయ్య పని. ముసలాయన. మ్యాచ్‌కు ముందురోజు మ్యాట్ పరిచి పెడతాడు, పొద్దున్నే మేకులు కొడతాడు. ఎండకు సాగుతుందని ఇన్నింగ్స్ మధ్యలో సగం మేకులు పీకి, లాగి, మళ్ళీ కొడతాడు.

ఈరోజు నెట్స్‌లో మ్యాట్ ఒకచోట ముడత పడింది. నా బంతి సరిగ్గా దాని మీద పడి చిన్నబ్బ మొహం మీదికి లేచింది. చివరి క్షణంలో తల తిప్పుకున్నాడు. నన్ను సంపేస్తావేమిరా అని పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముడత దగ్గరే నిలబడిపోయాను.

జనవరి 24, సాయంత్రం 6

శాంతయ్య ప్రార్థనకు వెళ్ళాడు. అరచేయంత గోనెముక్క, నాలుగు మడతలు. దబ్బనం, పురికొస గోడౌన్‌వే. ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు కొసన, అంటే చిమ్నీ ఎండ్‌లో, మ్యాట్ అడుగున, నా బంతి పడే లెంగ్త్‌లో పెట్టి కుట్టేశాను. పది కుట్లు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఒక్కసారికే.

జనవరి 25, ఆదివారం

ఆరు వికెట్లు!

మా లీగ్‌లో టాస్ ఉండదు. వచ్చినవాళ్ళకు ముందు బ్యాటింగ్ ఇవ్వడం ఇంటి టీమ్ మర్యాద. ఆ మర్యాద నాకు కలిసొచ్చింది. గోడౌన్ వైపు నుంచి పరిగెత్తి, చిమ్నీ ఎండ్‌లో నిలబడ్డవాడికి వేశాను. స్పీడు అక్కర్లేదు. ఆ చోట పడితే చాలు, బంతి పాములా లేస్తుంది. ఒకతనికి రెండు పళ్ళు ఊడాయి. కింద కూర్చుని, మ్యాట్ మీద వెతికి, ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఆ వేళ్ళు నాకు ఇంకా కనిపిస్తున్నాయి.

బ్రేక్‌లో శాంతయ్య మేకులు పీకుతుంటే సాయం పట్టాను. మ్యాట్ పైకి లేవగానే బ్లేడుతో కుట్లు కోసి గోనెముక్క లాగేసి జేబులో పెట్టుకున్నాను. మావాళ్ళు బ్యాటింగ్‌కి దిగేటప్పటికి మ్యాట్ శుభ్రం. ఈ కాలం పిలకాయల్లో నీ మాదిరి పని పంచుకునేవాడు యాడుండాడప్పా అని శాంతయ్య నా వీపు నిమిరాడు. సిగ్గేసింది. అయినా సంతోషమే ఎక్కువగా ఉంది, అబద్ధం ఎందుకు.

ఫిబ్రవరి 8, ఆదివారం

సెమీఫైనల్ కూడా అలాగే గెలిచాం. ఒక బ్యాట్స్‌మన్ నేను పరుగు మొదలుపెట్టగానే స్టంప్స్ వదిలేసి పక్కకు పోయాడు. అందరూ నవ్వారు.

ఫిబ్రవరి 12

డాక్టర్ చెప్పింది జరిగింది. పొద్దున దువ్వెన చెవి దాకా వచ్చి ఆగిపోయింది. చిన్నబ్బ చూశాడు. దువ్వెన లాక్కుని, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తల దువ్వాడు. నీకు పెండ్లామొచ్చేదాకా ఈ కర్మ నాదేనా అన్నాడు. వాడికి అంతా చెప్పేయాలనిపించింది. నోటిదాకా వచ్చింది.

ఫైనల్ అయ్యాక చెబుతాను.

ఫిబ్రవరి 21, సాయంత్రం

రేపే ఫైనల్, మా గ్రౌండ్‌లోనే, నాయుడుపేటతో. పోయినసారి ఒక కుట్టు వదులైంది. అందుకని ఈసారి పన్నెండు వేశాను. పొద్దున్నుంచీ గాలి లేదు. చిమ్నీ పొగ పైకి పోకుండా గ్రౌండ్ మీదే దిగుతోంది. కుడుతున్నంతసేపూ చేతుల మీద మసి.

ఫిబ్రవరి 23

నిన్న రాయలేకపోయాను. ఈరోజు రాయాలి.

మేమే ముందు బౌలింగ్. వేన్నీళ్ళ కాపడంతో భుజం కాస్త వదులై, నాలుగు వికెట్లు తీశాను. చివరి ఓవర్‌లో చెయ్యి పూర్తిగా పట్టేసింది. పక్కకు వేలాడిపోయింది. రంగరాజు గారు పరిగెత్తుకొచ్చి జీపెక్కించి డిస్పెన్సరీకి తీసుకుపోయారు. కాసేపు ఆగండి సార్, మ్యాట్ దగ్గర శాంతయ్యకు సాయం పట్టాలి అన్నాను. నీకేమన్నా పిచ్చా మునిరత్నం, చెయ్యి వేలాడతా ఉంటే మ్యాట్ ఏమి అన్నారు. కాంపౌండర్ ఇంజెక్షన్ వేశాడు. నేను తిరిగొచ్చేటప్పటికి మేకులు కొట్టేశారు. చిన్నబ్బ ప్యాడ్లు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట చాలు, మ్యాట్ మళ్ళీ లేపండి అని. ఎందుకని అడిగితే ఏమని చెప్పాలి? షీల్డ్ పోతుంది, ఆర్డర్ పోతుంది, నాయన మొహం ఎలా చూడను? వాళ్ళకు ఫాస్ట్ బౌలర్ లేడు, ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. చిన్నబ్బతో మాత్రం, చిమ్నీ ఎండ్‌లో జాగ్రత్తరా, బంతి లేస్తుంది అన్నాను. వాడు నవ్వాడు. నీ బౌలింగే ఆడినోన్ని, వీళ్ళదేమి లెక్కరా అన్నాడు. నా జుట్టు చెరిపి వెళ్ళాడు. పొద్దున వాడే దువ్విన జుట్టు.

ఎనిమిది ఓవర్లు ఏమీ కాలేదు. ప్రతి బంతీ ఎక్కడ పడుతుందో అదే చూశాను. తొమ్మిదో ఓవర్లో మామూలు మీడియం పేస్ బంతి. చిన్నబ్బ ముందుకు కాలు చాపి, వంగాడు. బంతి అక్కడ పడింది.

శబ్దం బౌండరీ దాకా వినిపించింది. ఎడమ కన్ను.

అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. వేలూరు ఆస్పత్రి దాకా జీపులో వాడి తల నా ఒళ్ళోనే ఉంది. మ్యాచ్ మేమే గెలిచామని అక్కడ ఎవరో చెప్పారు.

ఫిబ్రవరి 25

కన్ను తీసేశారు.

వాళ్ళమ్మ చెంగమ్మ వచ్చింది. నువ్వు లేకుంటే నా బిడ్డ దారిలోనే పోయుండునంట గదా నాయనా అని నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. లాక్కోవడానికి నా చేతిలో బలం లేదు.

మార్చి 2

మ్యాట్ వదులుగా బిగించాడని శాంతయ్యను పనిలోంచి తీసేశారు. ఆయన ఎదురు చెప్పలేదట.

మార్చి 3

శాంతయ్య రూముకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి గోనెముక్క తీసి నా మంచం మీద పెట్టాడు. దానికింకా పురికొస వేలాడుతోంది. ఆ పొద్దు మ్యాట్ సుట్టేటప్పుడు దొరికింది, ఇది బస్తా మూతికి ఏసే కుట్టు, గోడౌన్ కుట్టు, ముప్పయ్యేండ్లుగా సూస్తా ఉండాను అన్నాడు. నేను ఎవురికీ సూపీలేదు, నేను సెప్పను, నువ్వే సెప్పల్ల అన్నాడు. వెళ్ళిపోయాడు.

రేపు చెబుతాను.

మార్చి 5

నిన్న ధైర్యం చాలలేదు. ఈరోజు గోనెముక్క జేబులో పెట్టుకుని రంగరాజు గారి గదిలోకి వెళ్ళాను. షీల్డ్ ఆయన టేబుల్ మీద ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టారు. నీ చెయ్యి ఇంక పనికిరాదని కాంపౌండర్ చెప్పినాడు, బౌలింగ్ మరిచిపో, అట్లని ఫ్యాక్టరీ నిన్ను వదిలేయదు అన్నారు. కాగితం నా ముందుకు తోశారు. పర్మనెంట్ ఆర్డర్. పోస్టు: గ్రౌండ్స్‌మన్. శాంతయ్య ఖాళీ.

సంతకం పెట్టాను.

మార్చి 14

నాయన దగ్గర్నుంచి ఉత్తరం. నా ఉద్యోగం పర్మనెంటయిందని ఊరంతా చెప్పాడట.

జూన్ 14, ఆదివారం

ఈరోజు మ్యాట్ నేనే పరిచాను. మేకులు కొట్టే ముందు చిమ్నీ ఎండ్‌లో అడుగున చెయ్యిపెట్టి తడిమాను. ఏమీ లేదు. మళ్ళీ తడిమాను. చిన్నబ్బ వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఏమిరా, ఏం ఎతకతా ఉండావు అని అడిగాడు. మేకు ఒకటి పోయిందన్నాను. వాడు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల ఒక పక్కకు తిప్పుకుని, ఉన్న ఒక్క కంటితో వెతకడం మొదలుపెట్టాడు.