జరపని గుంజ

1962. కార్తీకం. సోమవారం

వాన. పడవలన్నీ ఒడ్డునే. చేతులకు పని లేదు, అందుకే ఈ పుస్తకం. రోజూ నాలుగు ముక్కలు రాయకపోతే నేర్చిన అక్షరాలు మరిచిపోతావని రమణమ్మ అంటుంది. తండ్రికి కూతురు చెప్పే కాలం. సరే. ఈ వయసులో మళ్లీ వేలిముద్ర మాత్రం వేయను.

దానికి నెల్లూరులో నర్సు చదువుకు పరీక్ష. ఇంగ్లీషు కూడా ఉంటుందట. సూళ్లూరుపేటలో మేనత్త ఇంట ఉండి ఎనిమిది దాకా చదివింది, పెండ్లయి మానేసింది. మొగుడు శీనయ్య పోయి మూడేండ్లు. ఇప్పుడు మళ్లీ పుస్తకం పట్టింది. బడి అయ్యవారి భార్య పాఠం చెప్తుంది.

మంగళవారం

గోడకానుకుని పొద్దుటినుంచి ఒకటే పాట. షుడ్ హావ్... కుడ్ హావ్...

"ఏందమ్మే ఆ గోల?"

"చేసుండాల్సింది, చేయలేదు. అది షుడ్ హావ్ నాయనా. చేయగలిగుండీ చేయలేదు. అది కుడ్ హావ్."

"చేయని పనికి అన్ని మాటలా? ఆ దొరలు ఎప్పుడన్నా పని చేసినారా లేదా?"

నవ్వింది. మూడేండ్లకు ఈ ఇంట్లో నవ్వు.

బుధవారం

వాన.

గురువారం

మస్ట్ హావ్ అని ఇంకొకటి ఉందట. కళ్లతో చూడకపోయినా, జరిగే ఉంటుందని గట్టిగా అనుకోవడం. శీనయ్యను ఊరంతా అన్నట్టు — తాగే ఉంటాడు. తెల్లవారుజామున పడవను ఇసుక తిన్నె మీదికి ఎక్కించి బోల్తా కొట్టించినాడంటే తాగే ఉంటాడు. ఎవరూ చూడలేదు. అందరూ అన్నారు. నేను మామను, పక్కనే నిలబడి విన్నాను. కాదనలేదు.

వాడు చుక్క ముట్టలేదు. నాకు తెలుసు.

శుక్రవారం

రాయాలి. ఇక్కడైనా.

మా ఉప్పునీళ్ల చెరువు సముద్రంలో కలిసే చోటు, మొగ — వానలకు, గాలులకు జరుగుతుంటుంది. నీళ్లలో దిగి, లోతు ఎక్కడుందో కర్రతో పొడిచి చూసి, సవుక గుంజ పాతి ఎర్రగుడ్డ కట్టడం మా ఇంటి పని. మా తాత, మా నాయన, తర్వాత నేను. ఇంకొకరు ఆ గుంజ ముట్టరు. మసక వెలుతురులో పడవలన్నీ ఆ గుడ్డను చూసుకునే మొగ దాటుతాయి.

పడవ బోల్తా పడిన ముందురోజు సాయంత్రం శీనయ్య వచ్చి నిలబడినాడు. "మామా, నిన్నటి గాలికి మొగ దక్షిణానికి జరిగినట్టుంది. గుంజ ఒకసారి చూడరాదా?"

నలుగురి ముందర అడిగినాడు. అదీ నా మంట.

"నేను పాతిన గుంజకు నువ్వు కొలత చెప్తావా?"

తమ్ముడి వరస చెంగయ్య పకపకా నవ్వినాడు. అల్లుడు తల దించుకుని పోయినాడు.

తెల్లారి ఆ గుంజ పక్కనుంచే పోయినాడు. లోతు అక్కడ లేదని తెలిసి కూడా. వేరే తోవన పోతే ఊరి ముందర మామను తక్కువ చేసినట్టని...

శవం ఇంకా ఒడ్డుకు రాలేదు. అందరూ వలలు పట్టుకుని అటు పరుగెత్తినారు. నేను ఇటు దిగి గుంజ పెరికి, ఉండాల్సిన చోట పాతినాను. తర్వాత చూసినవాళ్లకు గుంజ సరిగానే ఉంది, తప్పు శీనయ్యదే అయింది.

శనివారం

సొంతంగా వాక్యాలు రాసుకురమ్మన్నదట అయ్యవారి భార్య. నేను అడగకనే చదివి వినిపించింది. ఐ షుడ్ హావ్ స్టాప్డ్ హిమ్.

"అంటే?"

"ఆయన్ని ఆపుండాల్సింది అని. ముందురోజు కూటికాడ కొట్లాడినా నాయనా. పోతే పో అన్నా. ఆ కోపంతోనే తాగుంటాడు. నేను ఆపుంటే..."

నువ్వు కాదమ్మే — గొంతు దాకా వచ్చింది. దగ్గు అయిపోయింది. అది పరుగున పోయి మంచినీళ్లు తెచ్చింది. తాగినాను. సిగ్గులేని ముసలోడు, తాగినాడు.

ఆదివారం

ఏమీ రాయబుద్ధి కాదు.

సోమవారం

తెరిపిచ్చింది. చెంగయ్య టెంకాయ పట్టుకుని వచ్చినాడు.

"అన్నా, మొగ తెరుచుకునింది. గుంజ పాతాల. లే."

"ఈ ఏడు నువ్వు పాతు."

"నేనా? మీ ఇంటి హక్కు నాకెందుకన్నా! ముసలోడినైనానని ఒప్పుకుంటావా, అయితే పాతతా."

"నోరు మూసుకుని పాతుపో."

నవ్వు ఆపేసినాడు. టెంకాయ అరుగు మీద పెట్టి పోయినాడు. రమణమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

మంగళవారం

రేపు దాని ప్రయాణం. దొరవారిసత్రం దాకా ఎద్దుల బండి, అక్కడ రైలు.

సాయంత్రం మొగ దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది. చేయి చాపి చూపించినాను.

"ఆ ఏడు గుంజ ఇక్కడుండాల్సింది. అక్కడుండింది. శీనయ్య చెప్పినాడు. నేను వినలా. వాడు తాగలేదు."

అంతే చెప్పగలిగినాను. తప్పు గాలిదనుకోమ్మా అందామనుకున్నాను, అనలేదు.

నీళ్లవైపు తిరిగింది.

"మూడేండ్లు నాయనా."

ఇంటికి నా ముందర నడిచింది. ఎప్పుడూ వెనక నడిచేది.

బుధవారం

పోయింది. అన్నం వండి, మూత పెట్టి పోయింది. బండి ఎక్కుతూ "పోయొస్తా చిన్నాయనా" అన్నది చెంగయ్యతో. నావైపు చూడలేదు.

దాని ఇంగ్లీషు నోటుబుక్కు చాప మీద ఉంది. మరిచిందో, కావాలనే పెట్టిందో. తెరిచినాను. వాక్యాలు రాసిన పేజీలో ఒక వరస అడ్డంగా కొట్టేసి ఉంది, కాగితం చినిగేంత గట్టిగా. కింద కొత్తగా ఇంకొక వరస.

నాకు ఇంగ్లీషు రాదు. కొట్టేసింది దాని తప్పేనా? కింద రాసింది నాదా?

అయ్యవారి ఇల్లు నాలుగిండ్ల అవతల. ఆమె చదివి చెప్తుంది. చదివితే ఆమెకు తెలుస్తుంది. ఆమెకు తెలిస్తే ఊరికి... శీనయ్య తాగలేదని కూడా తెలుస్తుంది.

పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ల గుమ్మం దాకా పోయినాను. వెనక్కి వచ్చినాను. మళ్లీ పోయినాను. లోపలినుంచి "ఎవరది?" అన్నది ఆమె. "నేనమ్మా" అన్నాను, పుస్తకం చంకలోనుంచి తీసి.