మోటారు నెత్తిన గంధం

చంద్రగిరి,
9-11-1947

శ్రీమతి చంద్రకాంతమ్మకు,

భార్యకు రాసే ఉత్తరం ఆశీర్వచనంతో మొదలుపెట్టాలని మన పెద్దల నియమం. నిన్ను ఆశీర్వదించడానికి ఇప్పుడు నాకు చెయ్యి రావడం లేదు. నమస్కారం చేసి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ అత్తగారూ క్షేమమని తలుస్తాను. పలమనేరులో చలి మొదలై ఉంటుంది. నీ శాలువా ఇక్కడే దండెం మీద ఉండిపోయింది.

ముందు నువ్వు అడగాలనుకునే మాట చెబుతాను. తాయమ్మ బాగుంది. పడవలో పుట్టిన పిల్ల కూడా బాగుంది. నిన్న చూడబోతే, ఆయమ్మ యాడికి పోయింది సామీ, బిడ్డను పట్టిన చెయ్యే గదా పేరు పెట్టాల్సింది అని అడిగింది తాయమ్మ. పుట్టింటికి పోయిందన్నాను. ఎందుకని అడగలేదు. గట్టు మీద జరిగింది పాళెమంతా చూసింది గదా.

ఆ గట్టు మీది మాటల కోసమే ఈ ఉత్తరం.

చెరువు నిండిందంటే అవతలి పాళెం బాట మునిగిపోతుంది. పురిటి మనిషైనా, పాము కరిచినవాడైనా ఇవతలికి రావడానికి దారి లేదు. ఎన్ని అర్జీలు పెట్టాం! పాళెంలో ఉండేది మనుషులు కారా? ఆ కోపంతోనే గదా మన సంఘం మద్రాసులో యుద్ధం సామాన్ల వేలానికి పోయి ఈ పాత పడవ మోటారు తెచ్చింది.

ఆయుధపూజ దాకా అది చక్కగా పరుగెత్తింది. ఆ తర్వాతే జబ్బు. తాడు లాగితే అంటుకునేది, కొంతదూరం బాగానే పోయేది, వేగం పెంచగానే రొప్పి చతికిలపడేది. కాసేపు ఊరుకుంటే మళ్లీ లేచేది. పడవ నడిపే ఏకాంబరం ప్లగ్గు మార్చాడు, కార్బరేటరు విప్పి కడిగాడు, పంకాకు నాచు చుట్టుకుందేమోనని నీళ్లలోకి దిగి తడిమాడు. పెట్రోలులో నీళ్లు కలిశాయేమోనని నేను గాజుగ్లాసులోకి వంపి చూశాను. ఏమీ దొరకలేదు. ఇది ముసిలెద్దప్పా, కొట్టినా పోదు, కొట్టకున్నా పోదు అని ఏకాంబరం ఎగతాళి చేశాడు. ముసలిది మోటారు కాదు, నీ బుర్ర అన్నాను.

తాయమ్మను పురిటికి ఇవతలికి తెస్తున్న రోజు చెరువు నడుమ మళ్లీ అలాగే చతికిలపడింది. తాయమ్మ తల నీ ఒడిలో ఉంది. ఏకాంబరం తెడ్డు వేస్తున్నాడు, నేను తాడు లాగుతున్నాను. పెట్రోలు అయిపోయిందేమోనని చివరికి మోటారు నెత్తినున్న ట్యాంకు మూత తిప్పాను. గాలి బుస్సుమని లోపలికి దూరింది. తాడు లాగితే మోటారు ఒక్కసారిగా అందుకుంది. అప్పటికే బిడ్డ నీ చేతుల్లో ఏడుస్తోంది.

ఆ మూత నడుమ సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెట్రోలు కిందికి దిగదు, వేగం పెంచితే ఇంజనుకు చాలదు. ఆ రంధ్రం నిండా గంధమూ కుంకుమా ఎండి గట్టిపడి ఉన్నాయి.

గట్టెక్కగానే ఆ మూత పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆడవాళ్ల మూఢత్వం రెండు ప్రాణాలు తీయబోయిందని, పూజనాడు కత్తిపీటకూ చేటకూ బొట్లు పెట్టిన చెయ్యే దీనికీ పెట్టిందని, నీ పేరు పెట్టి మరీ అన్నాను. నువ్వు వంగి చేతుల నెత్తురు కడుక్కుంటున్నావు. అయినా ఆపలేదు. సొంత ఇంటిని కూడా వదలని మనిషి అనిపించుకోవాలి గదా నేను. పురిటి మనిషిని దింపకముందే పాఠం సెప్పేది యాడ నేర్సినావప్పా, ఆయమ్మ లేకుంటే బిడ్డను నీ మోటారు పట్టుకుంటా ఉణ్ణెనా అని ఏకాంబరమే నా నోరు మూయించాడు. నువ్వు మాత్రం ఒక్క మాట అనలేదు. మర్నాడు బస్సెక్కావు.

సిగ్గుగా ఉంది, చంద్రకాంతా. అయినా వాదన వదలను. యంత్రానికి కావలసింది నూనె, శుభ్రత. బొట్టు కాదు. ఇందులో నేను మారేది లేదు. కాని ఆ మాట ఇంట్లో, మెల్లగా, నీతో అనవలసింది. పదిమందిలో అనడం నా తప్పు. క్షమించి వచ్చెయ్యి. అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మునిరామయ్య

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసిన క్షమాపణ కూడా అబద్ధమే. ఆ బొట్టు నువ్వు పెట్టలేదు.

పూజ మరునాడు పాళెం పిల్లలను బడికి దాటించాలి. నాకు ఈత రాదు. భయమేసింది. నీ గిన్నెలో గంధం, చిటికెడు కుంకుమ తీసుకుపోయి మోటారు నెత్తిన నా వేలితోనే అద్దాను. దండం కూడా పెట్టుకున్నాను. తర్వాత ఎవరైనా చూస్తే నవ్వుతారని తువ్వాలుతో రుద్ది తుడిచేశాను. పైది పోయింది, రంధ్రంలోకి దిగింది మిగిలింది. పడవలో ఆ ఎరుపు చూడగానే నాకు తెలిసిపోయింది. జనం నావైపు చూడకముందే నిన్ను చూపించాను.

ఆ బొట్టు నీది కాదని నువ్వొక్క మాట అంటే అందరూ నమ్మేవాళ్లు. ఎందుకు అనలేదో అడిగే ముఖం నాకు లేదు.

వచ్చెయ్యమన్న మాట కొట్టెయ్యి. వచ్చే ఆదివారం అదే గట్టు మీద, అదే జనం ముందు ఇదంతా చెప్పాలి. చెబితే సోమవారం బస్సుకు నేనే పలమనేరు వస్తాను. ఆ బస్సులో నేను దిగకపోతే, చెప్పలేకపోయానని తెలుసుకో.