రెండో స్పూలు

నాన్నా,

ఈ ఉత్తరం కొట్లో చదవకు. ఇంటికెళ్ళి, వార్నిష్ చేతులు కడుక్కుని, అమ్మ పక్కన లేనప్పుడు చదువు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నలభై ఏళ్ళు మోటార్ల హోరు మధ్య కూర్చున్న నీ చెవులకి వినబడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే హాస్టల్లో మూడంతస్తులూ వింటాయి. ఇది మూడంతస్తులకీ చెప్పుకునే సంగతి కాదు.

ముందే ఒప్పేసుకుంటాను. ఏడాదిగా నీకు అబద్ధం చెబుతున్నాను. నేను కంప్యూటర్ ముందు కూర్చుని మోటార్లు డిజైన్ చేస్తున్నానని కదా నువ్వు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నావు? మొదటి మూడు నెలలూ అది నిజమే. తర్వాత నేనే అడిగి వైండింగ్ గదికి మారాను. ఎవరూ పంపలేదు, శిక్షా కాదు. నేనే వెంటపడి మరీ అడిగాను. ఇప్పుడు నేను చేసేది నీలాగే కాయిల్ చుట్టడం. ఏ పని నాకు వద్దని నువ్వు నా వెనకాల పడి చదివించావో, సరిగ్గా ఆ పనే.

డిజైన్ గదిలో నా కుర్చీకి చక్రాలుండేవి. రోజంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉండేదాన్ని. పక్క సీటాయన నేల అరిగిపోతుందని వాపోయేవాడు. మా గదికీ వైండింగ్ గదికీ మధ్య పెద్ద అద్దం. అద్దం అవతల ఒకావిడ, అమ్మ కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, ముక్కు మీదకి జారిన కళ్ళజోడుతో టేపు చుడుతూ ఉండేది. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా స్కేలు పెట్టకుండా చెప్పేస్తుందని ఆవిడకి అందరూ కొలబద్ద మేడమ్ అని పేరు పెట్టారు. ఎదురుగా అనరు. నేను మూడు నెలలు ఆ అద్దంలోంచి ఆవిడ చేతులే చూశాను, స్క్రీన్ చూసింది తక్కువ. చివరికి ఒకరోజు లేచి వెళ్ళి, నన్ను కూడా కూర్చోబెట్టుకోండి మేడమ్ అన్నాను. ఆవిడ నా ముఖం చూడలేదు, గోళ్ళు చూసింది. "కత్తిరించుకుని రా" అంది. అంతే, అదే నా ఇంటర్వ్యూ.

మేం చుట్టేది నీ రాగి తీగ కాదు నాన్నా, టేపు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, వెంట్రుకంత మందం. పైకి రాగి పూతే గానీ లోపల పింగాణీ లాంటి పలచని పొర ఒకటుంది. టేపుని ద్రవ నైట్రోజన్‌లో ముంచితే ఆ పొరలో కరెంటుకి అడ్డు అనేదే ఉండదు. నువ్వు బొటనవేలంత లావు రాగి వాడాల్సిన చోట ఈ రిబ్బను ముక్క చాలు. అందుకే మేం చేస్తున్న ఓడ మోటారు, అదే బలం ఉన్న పాత మోటారులో మూడో వంతు కూడా ఉండదు. దీన్ని హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ అంటారు. సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీలు కిందకి వెళ్ళాక పనిచేసేదానికి హై టెంపరేచరేమిటని నువ్వు నవ్వుతావు. నేనూ నవ్వాను. అంతకు ముందు దొరికినవాటిని ఇంకా చాలా కిందకి దింపాలట. వాటి పక్కన ఇది ఎండలో కూర్చున్నట్టే.

ఆ పింగాణీ పొర టేపుకి నడిమధ్యన ఉండదు, ఒక వైపుకి దగ్గరగా ఉంటుంది. ఆ వైపుని మేం మంచి వైపు అంటాం. కంటికి మాత్రం రెండు వైపులూ కవల అక్కాచెల్లెళ్ళే. టేపుకి టేపు అతకాల్సి వస్తే మంచి వైపుని మంచి వైపుకే ఆనించి టంకం పెట్టాలి. గట్టిగా వంచితే పొర చిట్లిపోతుంది. అందుకే పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. ఎనిమిది కాయిల్స్‌లో ఆరోది నాకు ఒంటరిగా ఇచ్చారు. మిగతావాటికి ఒకే ముక్క సరిపోయింది. దీనికి మాత్రం మధ్యలో టేపు అయిపోయింది. ఇంకో టేపు చుట్ట, అంటే రెండో స్పూలు, ఎక్కించి అతకాలి. స్పూలు పెట్టే స్టాండంతా కుడిచేతి వాటం వాళ్ళకి చేసింది కాబట్టి స్పూలు నా ఎడంచేతికి అందేలా సర్దుకుని, అతికి, చుట్టడం పూర్తి చేశాను. మొన్న నైట్రోజన్‌లో దింపి కరెంటిస్తే, అడ్డు కొలిచే మీటరు సున్నా చూపించాలి. చూపించలేదు. ఎక్కడో వేడెక్కుతోంది. అతికినప్పుడు తీసిన ఫొటో చూస్తే టంకం అద్దంలా ఉంది. అయితే చుట్టలో ఎక్కడో టేపు వంగి పొర చిట్లి ఉంటుందన్నారు. వంచింది నేనే కదా. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మళ్ళీ మొదట్నించీ చుట్టడానికి సరిపడా టేపు లేదు, మోటారు తిప్పి చూపించాల్సిన రోజు పన్నెండు రోజుల్లో ఉంది.

నాకు పన్నెండేళ్ళప్పటి సంగతి నీకు గుర్తుందో లేదో. సెలవుల్లో నువ్వు ఊరెళ్తే కొట్లో ఒక కాలిపోయిన సీలింగ్ ఫ్యాను నేనే విప్పి, పుస్తకంలో నీ లెక్కలు చూసుకుంటూ, నాలుగు రోజులు కూర్చుని చుట్టాను. నువ్వొచ్చి చూశావు. మంచీ అనలేదు, చెడూ అనలేదు. మర్నాడు పాత సామాను బుట్టలో విప్పేసిన తీగ కనబడింది. "నీ చేతులు పుస్తకాలకే, వెళ్ళి చదువుకో" అన్నావు. నేను చదువుకున్నాను. కానీ ఆ బుట్టలో తీగ ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది నాన్నా. అప్పుడే నువ్వు కనిపెట్టావన్నమాట, నా చేతులు ఈ పనికి పనికిరావని.

కొలబద్ద మేడమ్‌కి ఇవ్వడానికి ఉత్తరం టైపు చేసి పెట్టుకున్నాను, నన్ను మళ్ళీ చక్రాల కుర్చీకే పంపించండని. ఇచ్చే ముందు నీకు నిజం చెప్పాలనిపించింది.

కోపం వస్తే అంతా ఒకేసారి కోప్పడు.

నీ గడుగ్గాయి

*

మా గడుగ్గాయికి,

కొట్లో చదవొద్దన్నావు కాబట్టి కొట్లోనే చదివాను. నీ ఉత్తరం మీద ఇప్పుడు నా బొటనవేలి ముద్ర ఉంది. అన్నం తెచ్చిన మీ అమ్మ నా భుజం మీంచి సగం చదివేసింది. "అదీ మీలాగే గోళ్ళు నల్లగా చేసుకుంటోందా" అని ఒకటే నవ్వు. నీ రహస్యం అంతసేపే నిలిచింది.

అబద్ధానికి కోప్పడాలి. ఎదురుగా ఉంటే కోప్పడతాను, కాగితం మీద నాకు చేతకాదు. ముందు పని సంగతి చూద్దాం.

నీ టేపు గురించి నాకేం తెలీదు. నీ చెయ్యి గురించి మాత్రం తెలుసు. రెండో స్పూలు నీ ఎడంచేతికి అందేలా సర్దుకున్నానని రాశావే, ఎలా సర్దావు? పక్కకి జరిపావా, ఇటుది అటు తిప్పి పెట్టావా? తిప్పి పెట్టి ఉంటే, పైనుంచి రావాల్సిన టేపు కిందనుంచి వస్తుంది. అప్పుడు పైకుండాల్సిన వైపు కిందకి పోదూ? నేను ఇప్పుడే దారపుండ మీద కాగితం రిబ్బను చుట్టి, తిప్పి చూసుకుని మరీ రాస్తున్నాను. మంచి వైపుకి మంచి వైపు కాకుండా, మంచి వైపుకి వీపు అతికించి ఉంటావు. టంకం అద్దంలా ఉంటే మాత్రం ఏం లాభం? నీ పొర ఎక్కడా చిట్లలేదని నా నమ్మకం. మీ దగ్గర అందరూ కుడిచేతి వాళ్ళయి ఉంటారు, వాళ్ళకి ఆ ఊహే రాదు.

నాకెలా తెలిసిందంటావా. పన్నెండేళ్ళప్పుడు కూడా నువ్వు సరిగ్గా ఇదే చేశావు కాబట్టి.

నువ్వు బుట్టలో చూసిన తీగ వేరే ఫ్యానుది. ఆ వారం నా దగ్గరకి మూడు ఫ్యాన్లొచ్చాయి. నీది నేను విప్పలేదు. బిగించి స్విచ్ వేశాను. తిరిగింది. కాకపోతే వెనక్కి తిరిగింది, గాలి కిందకి రాకుండా పైకప్పుకి కొట్టింది. చూస్తే రెండు వరసల చుట్టల్లో ఒక వరస మొత్తం ఎదురు చేతిన చుట్టావు. మధ్యలో తీగ అయిపోయి కొత్త ఉండ తిప్పి పట్టుకున్నావన్నమాట. మిగతాదంతా, నా చేతి కింద ఆరేళ్ళు నేర్చుకున్నవాడు కూడా అంత పొందిగ్గా చుట్టలేడు. రెండు వైర్లు అటుదిటు మార్చాను, సరైన వైపు తిరిగింది. ఎవరి ఫ్యానో వాళ్ళకి కొత్తది కొనిచ్చి, దాన్ని నా బల్ల మీద తగిలించుకున్నాను. పదమూడేళ్ళుగా దాని కిందే పని చేస్తున్నాను. నువ్వు ఇంజనీరింగు చదివిందీ దాని గాలికే, అక్కడే బల్ల మీద కూర్చుని.

నీకెందుకు చెప్పలేదో అది కూడా రాయాలి కదా. బాగుందంటే నువ్వు మర్నాటినుంచి బడి మానేస్తావని భయమేసింది. నీ కళ్ళు అలా ఉన్నాయి ఆ రోజు. నేను పదో ఏట ఈ బల్ల దగ్గర కూర్చున్నాను, మళ్ళీ లేవలేదు. నువ్వు కూర్చోవాలనుకుంటే అన్నీ చూశాక కూర్చోవాలనుకున్నాను. చూశావుగా. ఇప్పుడు నీ ఇష్టం. బాగుందన్న మాట ఒక్కటీ లోపల దాచి తప్పు చేశాను. ఆ ఫ్యాను చాలా బాగుంది తల్లీ.

ఆ టైపు కొట్టిన ఉత్తరం చింపెయ్. ముందు స్పూలు చూడు. మోటారు తిరిగితే ఏ వైపు తిరిగిందో మర్చిపోకుండా రాయి.

నాన్న

*

నాన్నా, నా మంచి నాన్నా,

తిప్పి పెట్టాను. స్పూలు తిప్పే పెట్టాను.

నీ ఉత్తరం చదివి మెస్‌లో సగం తిన్న కంచం అలాగే వదిలేసి పరిగెత్తాను. వైండింగ్ గదిలో కొలబద్ద మేడమ్ ఒక్కతే ఉంది. నీ ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మెల్లిగా అంతా చదివింది, ఫ్యాను కథతో సహా. తర్వాత డ్రాయర్లోంచి రిబ్బను తీసి, ఖాళీ స్పూలుకి చుట్టి, ఒక వైపు పెన్నుతో గీత గీసి, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. "ముప్పై రెండేళ్ళ సర్వీసు నాది" అంది. "మీ నాన్నకి దారపుండ సరిపోయింది."

కాయిల్ మీద పదకొండు చుట్లు విప్పితే అతుకు దొరికింది. టంకం కరిగించి, మీటరు ముల్లు ఆనించి చూస్తే నువ్వు రాసినట్టే ఉంది, మంచి వైపుకి వీపు. టేపు ఎక్కడా చిట్లలేదు. ఒక జానెడు చివర కత్తిరించి, స్పూలు సరిగ్గా పెట్టి మళ్ళీ అతికాను. ఈసారి మేడమ్ నా పక్కన నిలబడింది గానీ చెయ్యి పెట్టలేదు. నైట్రోజన్‌లో దింపాం. తెల్లగా పొగలు, నీళ్ళు మరిగినట్టు బుడబుడమని చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. కరెంటు కొంచెం కొంచెంగా పెంచారు. మీటరు సున్నా. ఇంకా పెంచారు. సున్నా. జీవితంలో నేనెప్పుడూ సున్నా వచ్చినందుకు ఇంత సంతోషపడలేదు. బళ్ళో నాకు వచ్చిన సున్నాలన్నిటినీ ఆ క్షణంలో క్షమించేశాను.

టైపు చేసిన ఉత్తరం చింపుదామని బ్యాగులోంచి తీస్తే మేడమ్ లాక్కుని చదివింది. చదివి, దాని వెనకాల ఖాళీ వైపున స్పూలు స్టాండు బొమ్మ వేసింది, ఎడమ వైపుది. వర్క్‌షాపులో చేయిస్తోంది. గోడ మీద కొత్త కాగితం కూడా అంటించారు, స్పూలు ఎక్కించగానే మంచి వైపుకి ఎర్ర గీత గీయాలి అని. గదిలో దాన్ని నాన్నగారి గీత అంటున్నారు. నువ్వెవరో సగం మందికి తెలీదు. అయినా గీస్తున్నారు.

నిన్న మోటారు తిప్పారు. గాజు కిటికీ వెనకాల డైరెక్టరుతో సహా అందరం నిలబడ్డాం. ఎనిమిది కాయిళ్ళూ లోపల చల్లగా ఉన్నాయి. స్విచ్ వేశారు. షాఫ్టు ముందు కదిలిందో లేదో తెలియనంత మెల్లిగా, ఆ తర్వాత నున్నగా, గోల లేకుండా తిరిగింది. నీ కొట్లో దీన్ని పెడితే పాడైందనుకుని విప్పేస్తావు, అంత నెమ్మది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నీ మాట గుర్తొచ్చి షాఫ్టు పక్కన మోటారు ఒంటి మీదున్న బాణం గుర్తు చూశాను. బాణం ఒక వైపు, షాఫ్టు ఇంకో వైపు.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గదిలో ఉన్న ప్రతి మనిషీ నా ఎడంచేతి వైపు చూశారు. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను కూడా. మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుని, కరెంటు వైర్లు బిగించినాయన్ని పిలిచి, "రెండు వైర్లు అటుదిటు మార్చు నాయనా" అంది, పొద్దున్నించీ ఆ మాట అనడానికే ఎదురుచూస్తున్నట్టు. ఆయన ముఖం ఎర్రబడింది. మార్చాడు. మోటారు సరైన వైపు తిరిగింది. ఆ తర్వాత ఎవరు ముందు నవ్వారో తెలీదు గానీ డైరెక్టరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. తప్పు నాది కాదు నాన్నా, ఈసారి పూర్తిగా కుడిచేతి వాటం తప్పు.

వచ్చే శనివారం వస్తున్నాను. ఎదురుగా ఉంటే కోప్పడతానన్నావు కదా, ఆ ఫ్యాను కింద కూర్చోబెట్టి కోప్పడు. దానికి దుమ్ము దులపకు, నేనే నిచ్చెనెక్కి దులుపుతాను. ఇన్నేళ్ళూ దాని గాలికే చెమట ఆరబెట్టుకుని, ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

కత్తిరించిన ఆ జానెడు టేపు ఈ ఉత్తరంలో పెడుతున్నాను. మంచి వైపు ఏదో నేను గీత గీయలేదు. మీటరు లేకుండా కనిపెట్టడం మా దగ్గర ఎవరికీ చేతకాదు, మేడమ్‌కి కూడా. శనివారం దాకా టైముంది.

కనిపెట్టి ఉంచు.

నీ ఎడంచేతి గడుగ్గాయి