రెండు గిటార్ల బొమ్మలు

మట్టెవాడ, వరంగల్
6-7-1986

సారంగపాణి అన్నకు,

సాంబయ్య నమస్కారం చేసి రాసేది. ఇక్కడ మేము నలుగురం బాగానే ఉన్నాం. వానలు మొదలైనాయి. భివండిలో నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. నాలుగేళ్ళ తర్వాత వీడికి నేనెందుకు గుర్తొచ్చానా అని అనుకుంటావు. పరకాల స్టేజీ మీద నీ హార్మోనియం శృతి తప్పిందని పదిమంది ముందు అన్నాను. నువ్వు ఆ నెలలోనే బండెక్కి పోయావు. అప్పుడు రాయవలసిన ఉత్తరం అప్పుడు రాయలేదు. తప్పు నాది.

ఇప్పుడు నీతో పని పడింది. మన ఆర్కెస్ట్రా ఇంకా రాజేశ్వర్ రావు సారే నడుపుతున్నాడు. హనుమకొండలో మైకుసెట్ల దుకాణం కూడా అట్లాగే ఉంది. కార్ఖానాలో మగ్గం పని దిగినాక నేను అక్కడికే పోతాను. పోయిన నెల సారు నన్ను పిలిచి కూచోబెట్టాడు. "సాంబయ్యా, డ్రమ్ముల నడుమ నీ గిటారు ముంగటి వరసోళ్ళకు గూడ వినిపిస్తలేదు. ఈసారి గణపతి నవరాత్రులకు కరెంటు గిటారు తెస్తే నీ కుర్సీ నీదే. తేకుంటే కాజీపేటాయన ఒకాయన వస్తనంటాండు. మల్ల నా మీద గుస్స కావద్దు" అన్నాడు. పదకొండేళ్ళు కూర్చున్న కుర్చీ అది. కార్ఖానాలో నేను పన్నెండో నంబరు మగ్గాన్ని. నన్ను పేరు పెట్టి పిలిచేది ఆర్కెస్ట్రాలో ఒక్కచోటే.

వరంగల్లో కరెంటు గిటారు అమ్మే దుకాణం లేదు. పత్రికలో ప్రకటన చూసి బొంబాయి కంపెనీకి కార్డు రాస్తే బొమ్మల పుస్తకం పంపారు. మనం ఏది కావాలో రాస్తే పార్సిల్ చేస్తారు. పోస్టాఫీసులో విప్పి చూడనివ్వరు. ఒకసారి తీసుకుంటే మళ్ళీ వాపసు తీసుకోరు. అందుకని బొమ్మలోనే అంతా చూసుకోవాలి.

వాటిలో మన డబ్బుకు అందేవి రెండు. ఒకటి ఎర్రది, సన్నగా ఉంటుంది, లోపల గుల్ల లేదు, గట్టి చెక్క. రెండోది గోధుమరంగుది. మామూలు గిటారు లాగా గుల్ల ఉంది, దానికి వైరు కూడా పెట్టారు. పదిరోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. నీ మరదలు సుగుణ ఎర్రదాన్ని చూసి, "గిది గొడ్డలి లెక్కున్నది. నువ్వు మెడల ఏసుకొని నిలబడితే ముంగటి వరసోళ్ళు లేసి ఉరుకుతరు" అంది. మా అమ్మ పుస్తకాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "గుల్ల లేని కట్టెకు సప్పుడు ఏడికెల్లి వస్తదిరా? మీ నాయిన గుమ్మడికాయ గూడ కొట్టి చూసే కొనేటోడు. నువ్వు బొమ్మను కొట్టి చూస్తావా?" అంది. ఆమె అడిగిందే నేనూ రాజేశ్వర్ రావు సారును అడిగాను. ఆయన ఇంగ్లీషులో ఉన్నదంతా చదివి చెప్పాడు. మెడ ఏ కట్టెదో, తీగలు ఎన్నో, బరువు ఎంతో అన్నీ రాసి ఉన్నాయి. సప్పుడు ఎట్లుంటదని అడిగితే, "కాయితం మీద సప్పుడు రాస్తరా, పిచ్చోడా" అని నవ్వాడు.

వెంట వచ్చే సౌండు బాక్సులు కూడా రెండు రకాలున్నాయి. ఇంట్లో సాధనకు చిన్నది చాలని సారు అంటున్నాడు. నేను పెద్దదే తెప్పిస్తాను.

అన్నా, నీకు ఒక ఆదివారం దండగ. భివండి నుంచి బొంబాయికి బస్సులున్నాయని విన్నాను. కంపెనీ దుకాణం అడ్రసు వెనక రాశాను. నువ్వే పోయి రెండూ చేతికి తీసుకుని చూడు. వేరే ఎవరినీ పంపకు. ఏది తీసుకోవాలో ఒక ముక్క రాస్తే అదే తెప్పిస్తాను. పార్సిల్ రావడానికి నెల పడుతుందట. నవరాత్రులకు రెండు నెలలే ఉన్నాయి.

వదినకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
సాంబయ్య

తా.క.: కవరు అతికించబోయి మళ్ళీ తీశాను. నిన్ను బొంబాయి పంపుతూ అసలు సంగతి దాచడం బాగుండదు.

నాకు వినపడడం లేదు. కుడి చెవి రెండేళ్ళ కిందనే పోయింది. ఎడమది ఈ ఎండాకాలం నుంచి. దవాఖానలో డాక్టరు మూడుసార్లు చెప్పి, చివరికి కాగితం మీద రాసిచ్చాడు. మగ్గాల మోతకు నరం చచ్చిందట, మందు లేదట. ఎవరూ కనిపెట్టలేదు. కార్ఖానాలో మనమందరం పెదవులు చూసే కదా మాట్లాడుకుంటాం. ఇంట్లోనూ, సారు దగ్గరా నేను అదే చేస్తున్నాను. పాత గిటారు చెక్కకు గడ్డం ఆనిస్తే ఎముకలో నుంచి కొంచెం తెలుస్తుంది. శృతి అట్లనే చేసుకుంటున్నాను. గట్టి చెక్కలో తెలుస్తుందో తెలియదో ఎవరిని అడగాలో తోచలేదు.

కాబట్టి నువ్వు దుకాణంలో రెండు చెవుల్లో దూది పెట్టుకో. రెండు గిటార్లకూ గడ్డం ఆనించి తీగలు మీటు. దుకాణపాయన నవ్వితే నవ్వనీ. ఏది అదిరితే అది రాయి. ఏదీ అదరకపోతే గిటారు బాగాలేదు, తీసుకోవద్దని రాయి. సారుకు అదే చెప్పి కుర్చీ వదిలేస్తాను. నువ్వూ అక్కడ మగ్గాల మోతలోనే ఉన్నావు, నీ చెవులు కూడా ఒకసారి చూపించుకో.

జవాబులో గిటారు సంగతి తప్ప ఇంకేమీ రాయకు. ఉత్తరం వస్తే మా ఇంట్లో అమ్మ కోసం సుగుణే పైకి చదువుతుంది. కిటికీ వెలుతురుకు అటు తిరిగి నిలబడుతుంది కాబట్టి ముఖం కనిపించదు. కాగితం మడిచిందంటే చదవడం అయిపోయినట్టు. అప్పుడు తల ఊపుతాను.